వెనక సీటు, ఎడమ పక్క

మా బావ మునిప్రసాద్ కారు కొన్నప్పటి నుంచి పీలేరులో మా వీధికి వేరే వినోదం అక్కర్లేకపోయింది. పొద్దున ఏడింటికి తాళం తిప్పితే ఎనిమిదింటికి కదిలేది. సెల్ఫ్ కిర్ కిర్‌మని కొట్టుకుంటూనే ఉంటుంది, ఇంజను మాత్రం అందుకోదు.

"బావా, అక్క నిన్ను నిద్ర లేపేటప్పుడు గూడా ఇదే వరస కదా?" అని నేను పిట్టగోడ మీద కూర్చుని అడిగేదాన్ని.

"నోరు ముయ్ మే భానూ," అని ఆయన బానెట్ ఎత్తేవాడు. ఎత్తి ఏం చేయాలో తెలియక మళ్లీ దించేవాడు.

ఎర్రచందనం కేసులో పట్టుబడిన బండి అది. మూడేండ్లు పోలీస్ స్టేషన్ గడ్డిలో ఎండకి ఎండి వానకి నానితే వేలంలో పాడుకున్నాడు. ముందు దాంట్లో ఎవరు తిరిగారో, ఏమయ్యారో ఆయన అడగలేదు, పోలీసులూ చెప్పలేదు.

దాని రోగం పట్టింది మా నాయన. ఆదిమూలం మెకానిక్ అంటే ముప్పై ఏండ్లు చెవితోనే ఇంజన్లు బాగుచేసిన మనిషి. కిడ్నీలు పోయాక స్పానరు పట్టుకోలేకపోయాడు గానీ, చెవి మాత్రం పోలేదు. మంచం మీద నుంచే చెప్పాడు.

"సెల్ఫ్ కొట్టొద్దు ప్రసాదూ. తాళం ఊరికే ఆన్‌లో పెట్టు. వెనక సీటు కింద పెట్రోలు పంపు రెండు సెకన్లు జుయ్‌మనాల. భానూ, ఇనపడతాందా?"

సీటుకి చెవి ఆనించాను. ఏమీ లేదు. ఫ్యూజు మార్చాం. రిలే మార్చాం. ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో తట్టాం. ఊహూ. విసుగొచ్చి వెనక ఎడమ పక్కన కూలబడి కాలు మీద కాలేసుకుని, "డ్రైవర్, పోనీ" అన్నాను. బావ పళ్లు కొరుకుతూ తాళం తిప్పాడు.

జుయ్... ఒక్క దెబ్బకే స్టార్టయింది.

నేను దిగితే ఆగింది. ఎక్కితే వచ్చింది. కుడి పక్క కూర్చుంటే రాదు. ఎడమ పక్కే.

నాయన నవ్వాడు. "సీటు కింద వైరు లూజు. మనిషి బరువు పడితే అతుక్కుంటాది. తీరిగ్గా సీటు లేపి సూద్దాంలే."

ఆ తీరిక దొరకలేదు. గురువారం వానకి దారి మునిగి నాయన డయాలసిస్ తప్పిపోయింది. శనివారానికి కాళ్లూ మొహం ఉబ్బిపోయాయి. పడుకుంటే ఊపిరాడదు. తిరుపతి ఆసుపత్రి వాళ్లు ఫోన్లో ఒకటే మాట చెప్పారు. ఆరింటి లోపల తీసుకురండి, లేకపోతే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతాయి, ఆపైన మేం చేసేదేమీ ఉండదు. బస్సులు లేవు. ఉన్నది బావ కారే. ఆయన స్టీరింగు ముందు, నాయన పక్క సీట్లో, కారుకి కావలసిన బరువుగా నేను వెనక ఎడమ పక్కన బయల్దేరాం.

భాకరాపేట ఘాట్‌లోకి వచ్చేసరికి నాలుగున్నరే, అయినా చీకటి పడినట్టుంది. కొండ మీద నుంచి ఎర్రటి బురదనీళ్లు రోడ్డుకడ్డంగా దుముకుతున్నాయి. తడిసిన ఆకులు కుళ్లిన వాసన. రోజూ అరటిపండ్ల కోసం పీక్కుతినే కోతుల్లో ఒక్కటీ లేదు. ముందూ వెనకా బండి లేదు.

మూడో మలుపులో కొమ్మ విరిగి అడ్డం పడి ఉంది. లాగేద్దామని దిగాను. ఇంజను ఆగిపోయింది. అది మామూలే కదా అని కొమ్మను పక్కకి లాగి, తడిసి ముద్దయి వచ్చి, నా చోట్లో కూర్చున్నాను. బావ తాళం తిప్పాడు.

రాలేదు.

"సన్నబడిపోయినావేమో మే," అన్నాడు బావ. నవ్వలేక నవ్వాడు. ముందు సీట్లోంచి నాయన ఊపిరి గురగురమంటోంది.

వైరు నేనే బిగిస్తానని సీటు పైకి లేపి, ఫోను లైటు వేశాను. గుండ్రటి పంపు మూత కుడి పక్కన ఉంది. ప్లగ్గు గట్టిగా, టేపు చుట్టి, చెక్కు చెదరకుండా ఉంది. ఎడమ పక్కన... ఒట్టి రేకు.

"నాయనా... ఎడమ పక్క వైరే లేదు."

"సరింగా సూడు బిడ్డా."

"సూసినా. లేదు."

"అట్లయితే నువ్వు కూసున్నప్పుడు అతుక్కునిందేంది?" బావ గొంతు తగ్గింది.

నాయన చెయ్యెత్తాడు. "గమ్మునుండండి. తాళం ఆన్ చెయ్యి ప్రసాదూ. నేనింటా."

వానే వినపడుతోంది. తర్వాత... జుయ్...

నా అరచెయ్యి పంపు మూత మీదే ఉంది. మూత అదరలేదు. శబ్దం కింద నుంచి రావడం లేదు. నా ఎడమ చెవి పక్క నుంచి వస్తోంది. రెండు సెకన్లు. ఆగింది. మళ్లీ జుయ్...

"బావా, తాళం తీసెయ్."

బావ చెయ్యి పైకెత్తాడు. తాళంచెవి ఆయన వేళ్ల మధ్య వేలాడుతోంది. ఎప్పుడో తీసేశాడు.

నాయన కళ్లు మూసుకుని వింటున్నాడు. "అది పంపు గాదు," అన్నాడు మెల్లగా. "పంపు మధ్యలో ఊపిరి తీసుకోదు."

ఫోనుకి సిగ్నల్ లేదు. టైము అయిదు. నాయన పెదవులు నల్లబడుతున్నాయి. నేను సీటు మళ్లీ దించాను.

"వద్దు మే... దిగు."

"దిగితే నాయన సంగతేంది బావా?"

కూర్చున్నాను.

ముందు మోకాళ్ల మీద బరువు. తర్వాత ఒడిలో. తడి గోతాం తెచ్చి దించినట్టు. పులిసిపోయిన పెట్రోలు వాసన, అప్పుడే నరికిన చెక్క వాసన. బావ తాళం పెట్టనే లేదు... ఇంజను స్టార్టయింది.

కారు కదిలింది. భయం వేస్తే నాకు నోరు ఆగదు. చిన్నప్పటి నుంచీ అంతే.

"ఎవురప్పా అది? ఒళ్లో కూసునేదానికి టికెట్టు తీసుకున్యావా?" అన్నాను.

జుయ్‌మనడం ఆగింది.

బరువు రెండింతలయింది. పక్కటెముకలు టకటకలాడాయి. ఎగతాళి చేసినందుకు కసి తీర్చుకుంటున్నట్టు, ఒక్కొక్కటే నొక్కుతోంది. చల్లటిదేదో మెడ చుట్టూ ఆనుకుంది. అరుద్దామంటే గాలి లేదు. బావ అద్దంలో వెనక్కి చూశాడు. చూసి... అద్దాన్ని పైకప్పు వైపు తిప్పేశాడు. ఏం చూశాడో ఇప్పటికీ చెప్పడు.

అప్పుడు నాయన వెనక్కి తిరిగాడు. తిరగడానికే ఉన్న ఊపిరంతా అయిపోయింది. ఎడమ చెయ్యి రెండు సీట్ల మధ్య నుంచి వెనక్కి చాచాడు, అరచెయ్యి పైకి పెట్టి.

"దాన్నొదిలిపెట్టు," అన్నాడు గుసగుసగా. "సిన్నపిల్ల. దానికి నోరెక్కువ. నాకాడికి రా. పొయ్యేది ఎట్లా నేనే కదా."

ఒడి ఖాళీ అయింది. ముందు సీటు కిర్రుమని కిందికి దిగింది.

ఆ తర్వాత కారు మంచి బండి లాగా పోయింది. రంగంపేట, చంద్రగిరి దాటాం. ఆరింటికి పది నిమిషాలుండగా ఆసుపత్రి ముందు ఆగాం. నాయన తనంతట తానే దిగాడు. గురగుర కూడా తగ్గింది. దేవుడున్నాడనుకున్నాను.

డయాలసిస్‌కి ముందు బరువు చూస్తారు. ఎంత నీరు తీయాలో దాన్నిబట్టే తేలుస్తారు. నర్సు లోకేశ్వరికి మేమందరం తెలుసు. "పోయినసారి యాభై నాలుగు. ఒక డయాలసిస్ తప్పింది కదా, అయిదు కిలోలు పెరిగుంటారు. ఎక్కండి పెద్దాయనా," అంది.

నాయన ఎక్కాడు. నూట ఇరవై ఒకటి.

"మిషన్ పోయినట్టుంది," అని ఆమె తనే ఎక్కింది. అరవై రెండు. నన్ను ఎక్కించింది. నలభై ఏడు. నాయనని మళ్లీ ఎక్కించింది. నూట ఇరవై ఒకటి.

"చేతిలో ఏమన్నా పట్టుకోనుండారా?" అని అడిగింది.

నాయన ఎడమ చేతి వేళ్లు ముడుచుకుని ఉన్నాయి, మధ్యలో ఏదో ఉన్నట్టు. గోళ్లు తెల్లగా పాలిపోయాయి.

"నేను పట్టుకోలేదమ్మా," అన్నాడు. "అదే పట్టుకోనుండాది."

లోకేశ్వరి నవ్వేసింది. నాలాగే ఆయనా ఆటపట్టిస్తున్నాడనుకుంది పాపం. నేను ఆ అంకెనే చూస్తున్నాను.

నూట ఇరవై రెండు.