నీలం మీట ఆరిన వేళ

హిందూపురంలో ప్రైవేటు డిటెక్టివ్ చౌడేశ్వరి ఆఫీసు తలుపు తీయకముందే పుష్పావతి వచ్చి మెట్ల మీద కూర్చుంది. ధర్మవరంలో మొదటి బస్సు ఎక్కేసిందట. ముప్పై ఏళ్ళు కండక్టరుగా టికెట్లు కొట్టి, రిటైరయ్యాక చౌడేశ్వరికి సహాయకుడైన లింగప్ప ఎన్ని ముఖాలు చూశాడు! ఆకలి ముఖం వేరు, దిగులు ముఖం వేరు. ఈమె ముఖంలో రెండూ ఉన్నాయి.

"మా తమ్ముడు రఘునాథ్ కనపడక పదకొండు దినాలాయె అక్కా. సోమందేపల్లికి పోయొస్తానని బండేసుకుని పోయినాడు. బండి పెనుకొండ రైలు స్టేషన్ కాడ దొరికింది. వాని నంబరు పలకదు. పోలీసోళ్ళు వెతుకుతాండారు."

"నా దగ్గరికి ఎందుకు వచ్చినావమ్మా?"

పుష్పావతి ఫోను చాపింది. వాళ్ళ చీరల అంగడికి ఆన్‌లైన్ యాడ్లు నడిపేది రఘునాథే. ఆ ఖాతాలోనే ఆమె తమ్ముడి ఫోటో పెట్టి, 'కనపడుట లేదు' అని యాడ్ ఇచ్చింది.

"ఎవరో ఆపేస్తాండారక్కా! యాడ్ నడవాలని ఫోన్లో నేను నీలం మీట వేస్తా, గంటకల్లా ఆరిపోతాది. మూడుసార్లు! అది ఆరినప్పుడల్లా మా తమ్ముని గొంతు ఎవరో నొక్కినట్టుంటాది."

"మొదటి నుంచీ ఇంతేనా?"

"లే. మన ఊర్లలో చూపించినప్పుడు మూడు దినాలు బాగనే నడిచింది. బెంగళూరులో గూడా చూపించమని చేర్చినాకే ఈ పీడ."

"చీరల యాడ్లు?"

"నడుస్తానే ఉండాయి. ఇదంతా ఓబులేసు పనే. అంగడిలో భాగస్తుడు. పాస్‌వర్డు మా ముగ్గురికే తెలుసు. తమ్మునితో కొట్లాడినాడు గూడా."

మధ్యాహ్నానికి చౌడేశ్వరి, లింగప్ప పెనుకొండలో ఉన్నారు. రఘునాథ్ బండి ముందు లైటు పగిలి ఉంది. ఆ పగుల్లో నల్లటి ఉన్ని ఇరుక్కుని ఉంది.

"గొర్రెను గుద్దినాడు మేడమ్," అన్నాడు లింగప్ప, తానే కేసు తేల్చేసినంత సంబరంగా.

చౌడేశ్వరి పట్టుకుని లాగితే జానెడు పేనిన దారం వచ్చింది. "గొర్రె కంబళి కప్పుకుంటాదా అన్నా?"

లింగప్ప నోరు మూసుకున్నాడు. మూసుకున్న నోటితోనే మెచ్చుకున్నాడు.

"పద, సోమందేపల్లికి," అంది ఆమె.

మర్నాడు పొద్దున ధర్మవరంలో, చీరల అంగడిలో అందరినీ కూర్చోబెట్టింది. కాలికి సిమెంటు కట్టుతో ఉన్న ఒక ముసలాయనను లింగప్ప ఆటోలోంచి దించుకొచ్చాడు.

పుష్పావతి ముఖంలో మొదటిసారి వెలుగు కనిపించింది. "నిన్న పొద్దుననగా వేసినా అక్కా, యాడ్ ఇంకా ఆగలేదు!"

చౌడేశ్వరి ముఖం మాత్రం నల్లబడింది. ఆమె అలా అయిపోవడం లింగప్ప ఎప్పుడూ చూడలేదు.

"నన్ను దొంగను చేసినారు కదా, చెప్పండి మేడమ్," అన్నాడు ఓబులేసు. "కొట్లాడినా. అంగడికి ఏ రంగు వెయ్యాలా అని కొట్లాడినా. దానికే మనిషిని మింగేస్తానా?"

"నువ్వు కాదబ్బా. అంగడి మీద పగబట్టినోడైతే చీరల యాడ్లూ ఆపేటోడు. నీకే ఆపాలనుంటే మొదటిదినమే, ఈ ఊర్లోనే ఆపేటోనివి. బెంగళూరులో చూపించినాకే ఆపినారంటే, ఆడ ఆ ముఖాన్ని ఎవరూ గుర్తుపట్టకూడదు. గుర్తుపడితే ఎవరికి ఇబ్బంది? ఆ ముఖమున్నోనికే. పాస్‌వర్డు తెలిసిన మూడో మనిషి ఎవరు పుష్పావతీ?"

"తమ్ముడా?" పుష్పావతి గల్లాపెట్టె పట్టుకుని కూలబడింది. "వాడే ఆపుకున్నాడా? ఎందుకు?"

ముసలాయన గొంతు సవరించుకున్నాడు. ఆయన నల్లప్ప, సోమందేపల్లి దగ్గర గొర్రెలు కాస్తాడు. "మీ వాని బండి నన్ను గుద్దింది తల్లీ. తెలివి తప్పి పడిపోతి. సచ్చిపోయినాననుకుని పరిగెత్తినాడు. మావాళ్ళు పుట్టపర్తి ఆసుపత్రికి ఎత్తుకపోయిరి."

"మనిషిని చంపినాననుకుని దాక్కున్నాడు," అంది చౌడేశ్వరి. "యాడ్ ఆపినన్ని దినాలూ బతికుండాడని మనకు తెలుస్తా ఉండింది. నిన్నటి నుంచి ఆపలేదు. అదే నా భయం."

పుష్పావతి తమ్ముడి ఫోటో ఉన్న ఫోనును గుండెకు హత్తుకుంది.

చౌడేశ్వరి నల్లప్ప కట్టుకాలితో సహా ఫోటో తీసింది. "తాతా, వానికేం చెప్తావు?"

"ఆగి గుక్కెడు నీళ్ళు పోసింటే నాకీ కోపం ఉండేది కాదు. నేను బతికే ఉండా, ఇంటికి రా, నిన్ను తిట్టేదుండాది అని రాయమ్మా. నేను తిట్టాలంటే వాడు బతికుండాల గదా."

ఆ మాటలే రాశారు. పాత యాడ్ తీసి కొత్తది పెట్టారు. దానికి అనుమతి రావడానికి రెండు గంటలు పట్టింది. మీట నీలంగా వెలిగింది. వెలుగుతూనే ఉంది. పన్నెండు, ఒకటి, రెండు. ఓబులేసు తెచ్చిన టీ గ్లాసుల్లోనే చల్లారిపోయింది. ఆరమ్మా, ఆరు అని లింగప్ప మనసులో చౌడమ్మ తల్లికి మొక్కుకున్నాడు. దీపం ఆరిపోవాలని మొక్కుకున్న మనిషి లోకంలో అతనొక్కడేనేమో!

మూడున్నరకు మీట బూడిద రంగుకు తిరిగింది.

పుష్పావతి ఫోను మోగింది. తెలియని నంబరు.

"అక్కా..." అవతల గొంతు బొంగురుపోయింది. "ఇంక ఆ యాడ్ చాలక్కా. వస్తాండా. పోలీసులకాడికి నేనే పోతా. ఆ తాత నిజంగా..."

పుష్పావతి ఏడుపులో మాట్లాడలేకపోయింది. నల్లప్ప చెయ్యి చాపాడు.

"ఆ ఫోను ఇట్లియ్యి తల్లీ. నా బాకీ ఉండాది."