చివరి స్నానాలగదిలో వేణ్ణీళ్ళు

ఆ హాస్టల్ మూడో అంతస్తులో, వరండా చివరనున్న స్నానాలగదికి మంచి పేరు లేదు. ఎప్పుడో ఒకమ్మాయి అందులో జారిపడి పోయిందట. చీకటిపడ్డాక లోపల నీళ్ళు పడుతున్న చప్పుడు... వెళ్ళి చూస్తే నేల పొడిగా ఉంటుందట! ఫస్టియర్ పిల్లలు దిగిన రాత్రే సీనియర్లు పనిగట్టుకుని ఈ సంగతి చెప్పేవాళ్ళు.

మా పిన్ని కూతురికి మాత్రం ఎవరూ చెప్పలేదు. సీటు ఆలస్యంగా వచ్చి, అందరూ జట్లు కట్టేశాక చేరింది. గదిలో ఉన్న ఇద్దరూ ఒకళ్ళ చెవులు ఒకళ్ళు కొరుక్కోవడమే తప్ప, దీనితో "లైటు తీసెయ్" అన్న మాటకి మించి మాట్లాడింది లేదు.

నిద్రపట్టక, తెల్లారకముందే బకెట్టు పట్టుకుని ఆ చివరి గదికే వెళ్ళేది. హాస్టల్ మొత్తానికి వేణ్ణీళ్ళొచ్చేది అక్కడొక్కచోటే మరి.

ఓ రోజు కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున వెక్కి వెక్కి ఏడుస్తోంది. గోడ అవతల నుంచి, మెల్లగా —

"ఇల్లు గుర్తొచ్చిందా?"

ఉలిక్కిపడింది. "అవునక్కా..."

"కొత్తలో అంతేలే. నీళ్ళు చల్లారిపోతాయి, పోసుకో."

అప్పట్నుంచి రోజూ పలకరింపే. నిన్న అన్నం సరిగ్గా తిన్నావా? లెక్కల పరీక్ష ఎలా రాశావ్? మొహం ఎన్నడూ చూడలేదు. ఆ చీకట్లో పక్క తలుపు ఎప్పుడూ మూసే కనిపించేది.

ఓ సాయంత్రం సీనియర్లు నిలేశారు. "ఏ బాత్రూమ్‌కి వెళ్తున్నావే నువ్వు?"

"చివరిదానికి."

వాళ్ళలో పెద్దది పకపకా నవ్వింది. "దెయ్యం గియ్యం లేదులే. ఆ వేణ్ణీళ్ళు మాకే దక్కాలని మేమే పుట్టించాం. ఎక్కడా అనకు."

దీనికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. "దెయ్యమేంటి? పొద్దున్నే పక్క గదిలో స్నానం చేసే అక్క మీలో ఎవరు?"

నవ్వు ఆగిపోయింది.

"మేం ఎనిమిదిలోపు ఎప్పుడు లేచాం? అసలు... పక్కన ఇంకో స్నానాలగదెక్కడుంది?"

టార్చి పట్టుకుని గుంపుగా వెళ్ళారు. పక్క తలుపుకి తుప్పుపట్టిన తాళం. వార్డెన్‌ని బతిమాలి తీయించారు. విరిగిన బెంచీలు... నిలువెత్తు బూజు. కుళాయి లేదు. నీళ్ళు పోయే తూము కూడా లేదు.

ఆ రాత్రి సీనియర్లంతా ఒకే గదిలో, లైటు వేసుకుని పడుకున్నారు. ఆ తర్వాత వేణ్ణీళ్ళ ఊసెత్తిన వాళ్ళు లేరు.

"మరి నువ్వో?" అని అడిగాం, సెలవుల్లో దాని చుట్టూ చేరి వింటున్న మేం, బిక్కచచ్చిపోయి.

"రెండ్రోజులు చన్నీళ్ళే పోసుకున్నా. తర్వాత... వెళ్ళా."

"తెలిసి తెలిసీనా!"

"బకెట్టు కింద పెట్టానో లేదో, గోడ అవతల నుంచి — 'ఏమైపోయావే? ఒంట్లో బాలేదా?' అంది..."

మామీదే విసుక్కుంది.

"ఆ అంతస్తులో ఇంకెవరైనా ఆ మాట అడిగారా నన్ను?"