వంక దాటే బండి

"అంతా బాగుంది గానీ, వంక ఉంది కదండీ" అన్నాను.

కార్ల షోరూములో పనిచేసే రాజకుమారి బండిని పక్కకు తీసి ఆపేసింది. మార్కాపురం బయట, పలకల గనుల రాళ్ళ దిబ్బల దగ్గర. సీటుబెల్టు విప్పకుండానే నావైపు తిరిగింది.

"ఏం వంక సార్? ఏసీ చాల్లేదా? వెనక సీట్లో కాళ్ళు పట్టలేదా? మూడోసారి టెస్టు డ్రైవుకి వచ్చినారు. మూడుసార్లూ నవ్వుకుంటా తిరిగినారు. ఇప్పుడు మా బండికి వంక పెడతా ఉన్నారు!"

"బండికి కాదండీ, మా ఊరికి. నీళ్ళు పారే వంక. రోడ్డుకీ మా ఊరికీ అడ్డంగా ఉంటాది."

ఒక్క క్షణం నన్ను చూసి, స్టీరింగు మీద తల ఆనించి నవ్వింది. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. నాకది పుట్టుకతో వచ్చిన జబ్బు. దేనికైనా ఇట్టే ఆశ్చర్యపోతాను. ఈ నెలలో ఆ జబ్బు బాగా ముదిరింది.

"సరే, ఎంత లోతు?" అంది నవ్వు ఆపుకుని.

"వానలు పడితే మోకాలు దాటుతాది. పోయినేడు మా అమ్మ పడి కాలు బెణికితే, మంచం మీద పడుకోబెట్టి నలుగురం మోసుకుని దాటించినాం. నీళ్ళు మా నడుముల దాకా వచ్చినాయి. అప్పటి నుంచి వానాకాలం అమ్మ వంక దాటదు. 'వానల్లో నాకు జబ్బు రాదులే నాయనా' అంటాది."

రాజకుమారి నవ్వు ఆగిపోయింది.

"మరి బండి కొనేదానికి మీ నాయన ఏమంటాడు?"

"ఒక్క బండే చూస్తానన్నాడు. అది వంక దాటాల, అమ్మ అందులో సుఖంగా కూర్చోవాల. లేకపోతే ఆ డబ్బుతో ఇంకో గొర్రెల మంద కొంటాడంట."

అసలు సంగతిలో సగం చెప్పలేదు. ఈ బండిని నాయన వద్దంటే అమ్మకు వంక దాటే దారి పోతుంది. నాకు ఈ షోరూముకి వచ్చే దారి పోతుంది.

"తారు రోడ్డు మీద తిప్పితే ఏం తెలుస్తాది సార్? రేపు మీ వంక దగ్గరికే తెస్తా" అంది.

మేనేజరు అబ్రహాము గారు మర్నాడు తాళాలిస్తూ, చీకటి పడేలోపు రావాలని ఆమెకు రెండుసార్లు చెప్పారు. దారి చూపించడానికి నా బైకు షోరూములో వదిలేసి నేను పక్క సీట్లో కూర్చున్నాను. పుల్లలచెరువు దాటాక రోడ్డు మట్టిదారి అయింది, మట్టిదారి రాళ్ళదారి అయింది. ఆకాశం నిండా మబ్బులు. సన్నగా తుంపర మొదలైంది.

"డ్రైవింగు ఎక్కడ నేర్చుకున్నారు?" అడిగాను.

"మా నాయన పలకల గనిలో ట్రాక్టరు తోలేవాడు. ఆ దిబ్బల మీదే. అక్కడ జారితే కింద గుంతే."

వంక వచ్చింది. రాత్రి వానకు ఎర్రటి నీళ్ళు నిండుగా పారుతున్నాయి. అవతలి గట్టు మీద మా నాయన యల్లయ్య, భుజాన తువ్వాలు, చేతిలో కర్ర, నిలబడి ఉన్నాడు.

రాజకుమారి దూకించేస్తుందని అనుకున్నాను. ఆమె దిగింది. చెప్పులు వదిలి, ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, ఒక పుల్ల విరుచుకుని నీళ్ళలోకి నడిచింది. అడుగడుక్కీ పుల్లతో లోతు చూసుకుంటూ, పాదంతో రాళ్ళు తడుముకుంటూ అవతలి గట్టు దాకా పోయి తిరిగి వచ్చింది.

"ఎడమపక్క పెద్ద గుండు ఉంది. కుడిపక్క గట్టి ఇసక" అంది తడి చేతులు తుడుచుకుంటూ.

నాలుగు చక్రాలకూ ఊపు అందేలా ఫోర్ బై ఫోర్ లివరు లాగి, లో రేంజిలో పెట్టింది. బండి నీళ్ళలోకి దిగింది. ఇంజను గొంతు పెంచలేదు, వేగం తగ్గించలేదు. బానెట్ ముందు నీళ్ళు చిన్న మడతలా లేచి రెండు వైపులకూ విడిపోయాయి. నేను రోజూ చూసే వంకే. గొర్రెలను అదిలించి, బతిమాలి, భుజాన వేసుకుని దాటించే వంక. అందులోంచి మేము ఒక్క కుదుపు లేకుండా పోతుంటే నాకు ఒళ్ళు పులకరించింది.

గట్టెక్కగానే నాయన బండి చుట్టూ తిరిగాడు. టైరు నొక్కాడు. వంగి కింద చూశాడు.

"భలే ఉంది బండి. రంగు భలే ఉంది. టైర్లు భలే ఉన్నాయి" అన్నాడు.

రాజకుమారి ముఖం వెలిగిపోయింది. నా గుండె జారిపోయింది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. సంతలో నాయన ఒక పొట్టేలును మెచ్చుకున్నాడంటే, దాన్ని వదిలేసి పక్కదాని దగ్గరికి పోతున్నాడని అర్థం. ఇంటికి రాబోయేదాన్ని మెచ్చుకుంటే దిష్టి తగులుతుందని ఆయన నమ్మకం. తెచ్చుకోబోయేదానికి వంకలే పెడతాడు.

ఇంటి దగ్గర అమ్మ కొత్త చీర కట్టుకుని తయారుగా ఉంది. బండి తలుపు తీశాం. మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగిపోయింది. మోకాలు అంత ఎత్తు లేవలేదు. నేను పట్టుకున్నాను. నొప్పికి కళ్ళు మూసుకుంది.

"వద్దులే నాయనా. బాగుందిలే బండి. మీరు తిరగండి" అంది అమ్మ.

నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "మంచి బండి" అన్నాడు మళ్ళీ.

అయిపోయింది అనుకున్నాను.

రాజకుమారి బండినీ ఇంటినీ మార్చి మార్చి చూసింది. "ఇంకో మెట్టు కిందకి వేయిస్తే రాళ్ళకి తగులుతాది" అని తనలో తానే అనుకుంది. తర్వాత ఏమీ చెప్పకుండా బండెక్కి, ముందుకు పోయి, వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకు పోయి, మా ఇంటి అరుగు పక్కకు బండిని జానెడు దూరంలో ఆపింది. వెనక తలుపు తెరిచింది. అరుగు బండి అడుగుకు దాదాపు సమంగా ఉంది.

"అరుగు మీంచి రండి పెద్దమ్మా. ఎక్కే పనే లేదు. నడిచి లోపలికి వచ్చేయండి, ఇంట్లోకి పోయినట్టే."

అమ్మ అరుగు మీద నడిచింది. ఒక అడుగు వేసింది. బండిలో ఉంది. సీట్లో కూర్చుని, చేతులతో సీటును అటూ ఇటూ తడిమి, మా వైపు చూసి చిన్నపిల్లలా నవ్వింది. నాయన కర్ర కింద పెట్టి నోరు తెరిచేశాడు. నోరు తెరుచుకుని చూసే జబ్బు నాకు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

నాయనా నేనూ కూడా ఎక్కాం. వంక దాటుతున్నంతసేపూ అమ్మ అద్దానికి ముఖం ఆనించి నీళ్ళను చూస్తూనే ఉంది. అవతలి గట్టు ఎక్కాక రాజకుమారి బండి తిప్పబోయింది.

"ఆగమ్మా. ఆ మిట్ట ఎక్కుతాదా ఇది?" అంది అమ్మ.

మిట్ట అంటే ఎర్రరాళ్ళ కొండే. పెళ్ళయిన కొత్తలో అమ్మ గొర్రెలు తోలుకుని రోజూ ఎక్కేది. మోకాళ్ళు పోయాక ఎక్కనే లేదు.

"బండినే అడిగి చూద్దాం పెద్దమ్మా" అంది రాజకుమారి.

బండి ఎక్కింది. ఒక చోట చక్రం గాలిలో లేచింది. ఆమె బ్రేకు తొక్కలేదు, భయపడలేదు. బండిని ఊపిరి తీసుకోనిచ్చి మెల్లగా ముందుకు నడిపింది. నేను ఆ చేతులనే చూస్తున్నాను. ఇంత మెత్తగా పట్టుకుంటే ఇంత పెద్ద బండి ఎట్లా మాట వింటుందో నాకు అర్థం కాలేదు.

పైన బండి ఆగేసరికి తుంపర ఆగింది. నల్లమల అంతా ఎదురుగా ఉంది. ఒక కొండ వెనక ఇంకో కొండ, దాని వెనక నీలంగా మరొకటి, వాటి నడుముల చుట్టూ మబ్బులు. కింద మా వంక సన్నగా, ఎర్రగా మెరుస్తోంది.

"ఇంకా ఇట్లనే ఉంది" అంది అమ్మ. ఆ తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

నాయన దిగి, మాకు వీపు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. తిరిగి వచ్చేసరికి ముఖం చిట్లించుకుని ఉన్నాడు.

"ఏంది ఈ హారను, పిల్లి అరిచినట్ల? ఈ రంగుకి దుమ్మంతా కనపడతాది. సీట్లు మరీ మెత్తన, నడుము ఏం గావాల?" అన్నాడు. రాజకుమారిని కింది నుంచి పైకి చూశాడు. "ఈ పిల్ల కూడా మరీ బక్కది. గాలొస్తే నిలబడదు."

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. రాజకుమారి ముఖం మాత్రం కందగడ్డ అయింది.

అమ్మనీ నాయననీ ఇంటి దగ్గర దింపి, నా బైకు కోసం నేనూ ఆమెతో షోరూముకి బయలుదేరాను. వంక దాటాక ఆమె నోరు విప్పింది.

"హారను బాలేదంట! అమ్మని కొండ పైకి ఎక్కించిన బండికి హారను చూస్తారా? పొద్దున మెచ్చుకుని, సాయంత్రం అన్ని వంకలా? వద్దంటే వద్దని చెప్పొచ్చు కదా సార్?"

"వద్దనలేదండీ. తీసుకున్నాడు."

బండి వేగం తగ్గింది. సంతనూ, పొట్టేళ్ళనూ, దిష్టినీ, అన్నీ చెప్పాను. నాయన పొద్దున మెచ్చుకున్నప్పుడు నా గుండె ఎట్లా జారిందో కూడా చెప్పాను. వింటూ విరగబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగింది.

"మరి... నన్ను బక్కది అన్నాడే?"

నేను అద్దంలోంచి బయటికి చూశాను. చెప్పాల్సిన మాట ఒకటి మిగిలి ఉంది. మూడు టెస్టు డ్రైవుల్లో దాచుకున్న మాట, దారిలో ఎన్ని రాళ్ళు తగిలినా బయట పడని మాట.

"దానికీ అదే అర్థం" అన్నాను. "మా నాయన నా ముఖం చూసే కనుక్కున్నాడు. నేను బండి కోసం ఒక్కసారే వచ్చినాను. మిగతా రెండుసార్లు మీ కోసం."

బండి ఆగింది. మళ్ళీ మొదలైన తుంపరకు వైపర్లు ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరిగాయి. ఆమె ఎదురుగా రోడ్డునే చూస్తోంది. నేను పొరపాటు చేశాననీ, ఇంక ఇక్కడే దిగి బస్సెక్కి పోవడమేననీ నిశ్చయించుకున్నాను.

ఆమె గేరు వేసి బండిని కదిలించింది.

"నీ గడ్డం ఒక పక్కే సరిగ్గా గీసుకున్నావ్" అంది.

చెంప తడుముకున్నాను. నిజమే.

"షర్టు గుండీ ఊడింది. మాట సగమే చెప్తావు, మిగతా సగం నెల తర్వాత చెప్తావు. పక్కన మనిషి బండి నడుపుతుంటే రోడ్డు చూడవు, చేతులు చూస్తావు." గేరు మార్చింది. "అమ్మని ఇన్నాళ్ళు ఇంట్లో కూర్చోబెట్టినావు. నా దగ్గరికి ముందే రావాల్సింది."

నేను ఒక్కొక్కటీ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. మార్కాపురం దీపాలు కనపడేదాకా ఆమె వంకలు పెట్టడం ఆపలేదు.