మలబాలో సీసం డబ్బా

యెషయా శవం టిప్పర్‌లోంచి కూల్చిన కట్టడం మలబాతో పాటే కిందపడింది. విరిగిన ఇటుకలు, తడిసిన సిమెంటు పెళ్లలు, ఎవరో పారేసిన బిర్యానీ పొట్లాలు, వాటి మధ్య మనిషి. ఈగలు అన్నిటి మీదా ఒకేలా ముసిరాయి.

రాంగోపాల్‌పేట్‌లో మూతపడిన ఒక ఆసుపత్రిని కూలుస్తున్న పనికి అతను సూపర్‌వైజర్. ఇంటెలిజెన్స్‌కు ఇన్ఫార్మర్ కూడా. చావుకు ముందు ఫోన్‌లో ఒక్క మాటే చెప్పగలిగాడు: "సీసం డబ్బా మలబాల కలిపిండ్రు."

కార్ఖానా ఏరియాలో టైర్ల షాపు పైనున్న గదిలో చీఫ్ బానో మేడమ్ ఆ రికార్డింగ్ వినిపించి ఫోన్ పక్కన పెట్టింది.

"ఆ దవాఖాన పాత క్యాన్సర్ మెషిన్‌ల ఉండే సీజియం అది, విజయేందర్. రేడియేషన్ చిమ్ముతది. 'గ్రే డస్ట్' అనే విదేశీ ముఠా కాజేసింది. రోడ్ల మీద చెకింగ్ ఉంది గద, అందుకే మలబాల దాచి కాప్రా దిక్కున్న రీసైక్లింగ్ ప్లాంటుకు పంపుతున్నరు. అక్కడ చెత్త ఏరేది రోబోలు. అందుల ఒకదానికి ఈ డబ్బాను గుర్తుపట్టుడు నేర్పిండ్రు."

"అంటే, దొంగసొత్తు రోబోనే ఏరి ఇస్తదా?"

"ఇస్తది. కొనేటోడు అక్కడే ఉంటడు. టిప్పర్ ఆపితే వాడు జారుకుంటడు. సొత్తుతోని దొరకాలె."

"లోపల మనవాళ్లు?"

"సింధూర. రోబో ఇంజనీర్. ముఠాల మన మనిషి."

మధ్యాహ్నానికి విజయేందర్ చెత్త ఏరే కూలీ వేషంలో ప్లాంటులో ఉన్నాడు. కట్టడాల వ్యర్థాలే రావాల్సిన చోటికి ఊళ్లో కుళ్లినదంతా వచ్చింది. చచ్చిన ఎలుకలు, పిల్లల డైపర్లు, పాత సెప్టిక్ పైపులు. మోకాలి దాకా బురద. చొక్కా దుర్గంధంతో ఒంటికి అతుక్కుంది.

ఇనుప జాలీ వెనకాల కన్వేయర్ బెల్టు పరుగెడుతోంది. దాని మీద నాలుగు రోబో చేతులు. పైనున్న కెమెరాలు ప్రతి ముక్కనూ చూసి స్క్రీన్ మీద పేరు చూపిస్తున్నాయి: చెక్క, ఇనుము, ప్లాస్టిక్, బట్ట. చేతులు వాటిని పట్టుకుని దేని తొట్టిలో దాన్ని వేస్తున్నాయి. కాంక్రీటును మాత్రం ముట్టవు. అది తిన్నగా చివరనున్న క్రషర్‌లోకి పోయి పొడి అవుతుంది.

సింధూర మెట్లు దిగి వచ్చింది. తెల్లటి లినెన్ సూటు, ఎర్రటి లిప్‌స్టిక్, ముక్కుకు అత్తరు కర్చీఫ్.

"ఇసుక తడిసిందా?" అన్నాడు విజయేందర్.

"ఇంకా జల్లించలేదు," కోడ్ తప్పకుండా జవాబిచ్చింది. "డబ్బా రెండో చేయి దగ్గర పడుతుంది. అక్కడే ఉండండి."

అతను అక్కడే నిలబడ్డాడు. కొంతసేపటికి జేబులోని ఖైనీ డబ్బా వణికింది. అది రేడియేషన్ డిటెక్టర్. బెల్టు మీద టిఫిన్ బాక్సంత సీసం డబ్బా వస్తోంది. రెండో చేయి దాన్ని పట్టించుకోలేదు. అక్కడ నాలుగో చేయి దగ్గర, సేఫ్టీ హెల్మెట్ పెట్టుకున్న విదేశీ కన్సల్టెంట్ ఒకడు తొట్టి మీదికి వంగి సంచి తెరిచి పట్టుకున్నాడు.

సింధూర అబద్ధం చెప్పింది.

విజయేందర్ చొక్కా గుండీ నొక్కాడు. టిప్పర్ డ్రైవర్ల వేషంలో ఉన్న కమాండోలు దూకి కన్సల్టెంట్‌ను నేలకేసి అదిమారు. అది చూసి సింధూర చేతిలోని ట్యాబ్లెట్‌ను గబగబా నొక్కింది. స్క్రీన్ మీద డబ్బా పేరు మారింది: కాంక్రీట్. నాలుగో చేయి ఆగిపోయింది. డబ్బా దాన్ని దాటేసి క్రషర్ వైపు సాగింది.

విజయేందర్ ఎమర్జెన్సీ స్విచ్ కొట్టాడు. పని చేయలేదు.

"వైర్ తీసేశాను," అంది సింధూర. "పొడి అయిపోతే సాక్ష్యమే ఉండదు."

"ఆ పొడి కాప్రా అంతా లేస్తది! జనం ఊపిరితిత్తులల్లకు పోతది!"

"వాళ్లు రోజూ పీల్చేది దుమ్మే కదా." కర్చీఫ్ ముక్కు మీంచి తియ్యకుండానే అంది.

ఇంతసేపూ మోకాలి దాకా ఉన్న కుళ్లు కంటే ఆ మాట ఎక్కువ కంపు కొట్టింది అతనికి. ఉమ్మేయాలనిపించింది.

ఉమ్మడానికి టైం లేదు. జాలీ అడ్డం. డబ్బా చేతికందదు. మారింది డబ్బా పేరొక్కటే. కెమెరాకు డబ్బా కనబడకపోతే? బురదోడుతున్న చొక్కాను సర్రున విప్పి, జాలీ పైనుంచి గురిచూసి విసిరాడు. చొక్కా డబ్బాను పూర్తిగా కప్పేసింది. స్క్రీన్ మెరిసింది: బట్ట.

నాలుగో చేయి వెనక్కి తిరిగి, క్రషర్ నోట్లోంచి లాగినట్టు చొక్కాతో సహా డబ్బాను ఎత్తి బట్టల తొట్టిలో మెత్తగా పడేసింది.

సింధూర పరుగెత్తబోయి, హైహీల్ బురదలో దిగబడి, తెల్లసూటుతో బోర్లా పడింది. బేడీలు వేసిన లేడీ కానిస్టేబుల్ కంపు భరించలేక ముఖం పక్కకు తిప్పుకుంది.

సాయంత్రం అణు నిపుణులు డబ్బాను తీసుకెళ్లాక బానో మేడమ్ వచ్చింది. విజయేందర్ ఆ కుళ్లు కంపుకు ఇంకా కక్కుతూనే ఉన్నాడు. నీళ్లు అందిస్తూ, "తక్లీఫ్ ఏమన్న ఉందా?" అంది.

"యెషయా యాదికొస్తుండు మేడమ్. సింధూర వాళ్ల మనిషని ఎట్ల తెలుసుకోకపోతిమి?"

బానో మేడమ్ ఖాళీ గ్లాసు అందుకుంది. ఇక్కడికి వచ్చేముందే యెషయా భార్యకు చావు కబురు తనే స్వయంగా చెప్పివచ్చింది.

విజయేందర్ తుడుచుకుని బెల్టు పక్కకు ఒరిగాడు. ఒళ్లంతా బురద, సిమెంటు. కెమెరా అతని వైపు తిరిగి చాలాసేపు పరిశీలించింది. స్క్రీన్ మీద అక్షరాలు పడ్డాయి: గుర్తుపట్టలేని వస్తువు.

బానో మేడమ్ చదివి కళ్లజోడు సర్దుకుంది.

"మన నౌకరీల ఇంతకన్న మంచి సర్టిఫికెట్ ఏముంటది? పో, స్నానం చెయ్."