గుల్నాజ్ బంద్ చేసిన గోలీలు

అన్నం బెల్లు కొట్టగానే ఐదో క్లాసు మొత్తం ప్లేట్లు పట్టుకుని ఉరికింది. గుల్నాజ్ మాత్రం బెంచీ పట్టుకుని మెల్లగా లేచింది. లేవగానే కళ్లు తిరిగాయి. పొద్దున తాగిన చాయ్ కూడా కక్కేసింది.

"అరే, గుల్నాజ్ కింద పడ్డది!" నగేశ్ అరిచాడు.

బడిలో వంట చేసే మంగవ్వ గరిటె వదిలేసి పరుగున వచ్చింది. "ఏమైంది బిడ్డా? మొన్ననే గదా, బుగ్గలొచ్చినయ్, మంచిగైనవ్ అంటిని!"

ఆ మాటే గుల్నాజ్ కొంప ముంచింది.

గుల్నాజ్‌కి లూపస్ అనే జబ్బు. రోగాలతో కొట్లాడాల్సిన ఒళ్లు, తనతో తనే కొట్లాడుతుంది. పోయినేడు కీళ్లనొప్పులు, జ్వరాలతో పుల్లలా అయిపోయింది. కామారెడ్డి డాక్టరమ్మ స్టెరాయిడ్ గోలీలు రాశాక నొప్పులు తగ్గాయి, మొహం గుండ్రంగా ఉబ్బింది. ఇక వాళ్ల ఊరు ఎల్లారెడ్డిలో ఎవరు ఎదురైనా ఒకటే మాట: "ఒళ్లు చేసినవ్ బిడ్డా, మంచిగైనవ్!" నగేశ్ అయితే "పూరీ" అని పేరు పెట్టాడు.

మంచిగైతే ఇంకా గోలీలెందుకు? బంద్ చేస్తే పూరీ పేరు కూడా పోతది కదా! అంతే. అమ్మీ ఇచ్చిన గోలీని నాలుక కింద దాచడం, బయటికెళ్లి ఉమ్మేయడం. రోజూ ఇదే పని.

బడి నుంచి కబురు అందగానే అమ్మీ తాహేరా కారు మాట్లాడి కామారెడ్డికి తీసుకుపోయింది. దారిలో తాడ్వాయి ఊరు దాటినా గుల్నాజ్ ఆమె ఒళ్లోంచి తల ఎత్తలేదు.

"గోలీలు రోజూ ఏస్తున్నరా?" సెలైన్ పెట్టించి డాక్టరమ్మ అడిగింది.

"నా చేతులతోనే ఇస్తున్న మేడమ్."

"అయితే మందు సరిపోతలేదన్నట్టు. డోసు పెంచాలె. పెంచితే ఎముకల బలం తగ్గుతది, షుగర్ రావొచ్చు, పక్కన ఎవలు దగ్గినా ఈమెకు అంటుకుంటది. కానీ ఏం చేస్తం?"

"పదేండ్ల పిల్లకు షుగరా?" అమ్మీ మొహం తెల్లబోయింది.

డాక్టరమ్మ పెన్ను తీసింది.

"పెంచకున్రి మేడమ్!" గుల్నాజ్ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. "నేనే ఏస్కోలే. ఉమ్మేసిన. అందరు మంచిగైనవ్ అన్నరు..."

అమ్మీ చెయ్యి లేచింది. కొట్టలేదు. అదే చేత్తో నోరు మూసుకుని ఏడ్చింది.

డాక్టరమ్మ సిస్టర్‌ని పిలిచి వెంటనే సూదిమందు వేయించింది. తర్వాత మంచం మీద కూర్చుంది.

"బుగ్గలు మంచిగైనందుకు రాలేదురా. గోలీ తెచ్చిన వాపది. మనొంట్ల ఈ మందులాంటిది కొంచెం తయారైతది. గోలీ వస్తుంటే ఒళ్లు ఆ పని ఆపేస్తది. నువ్వు టక్కున బంద్ చేస్తివి. ఒంట్ల అదీ లేదు, ఇదీ లేదు. అందుకే పడ్డవ్. మెట్లు దిగినట్టు మెల్లగ తగ్గియ్యాలె. నేనే తగ్గిస్త."

"మరి నా మొహం?"

"డోసు తగ్గినకొద్ది తగ్గుతది. ఎప్పుడంటే మాత్రం చెప్పలేను."

గుల్నాజ్ చాలాసేపు ఏడ్చింది. ఎవరూ ఏడవొద్దనలేదు.

తెల్లారి సిస్టర్ గోలీ తెచ్చింది. అమ్మీ రెప్ప వేయకుండా చూస్తోంది.

"అమ్మీ, ముందుగాల బన్ను ఇయ్యి. ఉత్త కడుపుల ఏస్కుంటే మండుతది."

బన్ను తిన్నది. గోలీ వేసుకుని గ్లాసెడు నీళ్లు తాగింది. చేదుకి మొహం ముడుచుకుంది. గొంతు తడుముకుని చూసుకుంది.

"ఈడనే ఆగింది అమ్మీ. ఇంకొన్ని నీళ్లు పొయ్యి."