మిల్లులో జలజల

రూపనగుడి దాటినాక కాలువ పక్కన మూతబడిన రైసుమిల్లు ఒకటుండాది. దాని పేరెత్తితే చాలు, పక్కకు తిరిగి ఉమ్మేస్తారు జనం. చీకటి పడితే లోపల రేకు వణికినట్ల చప్పుడంట... గాలి ఇటు తిరిగితే పీనుగు కంపంట. బాయిలరు కాడ చచ్చిపోయిన హమాలీ తిరుగుతాండాడని చెప్పుకుంటారు. దెయ్యమంటే సరే, తాయెత్తు కట్టుకోవచ్చు. ఆ కంపుకు ఏం కట్టుకుంటామప్పా?

పగలు మాత్రం ఆడ మిల్లు బయట కళ్లంలో శివరాజ్ సారు పిల్లోళ్లకు వూషు అనే చైనా సాము నేర్పిస్తాండినాడు. అందర్లోకీ చైనా కత్తి తిప్పేది హేమ ఒక్కతే. డిగ్రీ రెండో సంవత్సరం, కాలువ కిందికి వలసొచ్చిన క్యాంపు రైతుల బిడ్డ.

ఆ కత్తి మన కొడవలికి తలకిందులు. కొడవలికి వంకర లోపల అంచుంటాది, దీనికి వంకర బయట. లోపలి పక్క మొద్దు వెన్ను. పిడి ముందర చేతికి కాపుగా చిన్న గిన్నె, పిడి కొసకు ఎర్ర గుడ్డ. రేకు పల్చన, ఊపితే జలజలమంటాది. దాంతో నరకకూడదు, లాగల్ల. వెన్ను వీపుకు రాసుకుంటా మెడ చుట్టూ తిరిగొచ్చి, అంచు జారుకుంటా దిగల్ల. దిగేటప్పుడు ఎడమ అరచెయ్యి కుడి మణికట్టు మీద వాలల్ల. జిల్లా మొత్తంలో అట్ల లాగేది సారుకు, హేమకు తప్ప ఎవరికీ రాదు.

తెల్లారి ఐదింటికి బస్సు. దావణగెరెలో రాష్ట్రం జట్టుకు సెలెక్షన్. మూడేండ్లుగా హేమ కాచుకున్న రోజు. కత్తేమో మిల్లులోనే ఉండిపోయింది. తెచ్చిస్తానన్న సారు రాలేదు, ఫోను స్విచాఫ్. కత్తి లేకుంటే బరిలోకి రానీరు. వాళ్లమ్మ నాంచారమ్మ పోవద్దే అని మొత్తుకున్యాది. హేమ వినలేదు, రాత్రి ఎనిమిదింటికి స్కూటీ తీసింది.

మిల్లు కాడ కరెంటు లేదు.

బండి ఆపిందో లేదో — కంపు. చచ్చిన ఎలక కంపు దీని ముందర అగరొత్తి. నోట్లోకి దిగి నాలుక మీద కూర్చున్యాది. ఉమ్మింది, పోలేదు. చున్నీ ముక్కుకు అదుముకోని లోపలికి పోయింది. నేలంతా జిగట... చెప్పు అంటుకుంటాది, పీకితే పచక్కుమంటాది.

అప్పుడు వినపడింది — జలజల... జల్.

తన కత్తే. ఆ చప్పుడు నిద్దర్లో గూడా గుర్తు పడతాది.

వెనక్కి పోదామనుకున్యాది. పోతే ఏం మొగం పెట్టుకోని ఆ బస్సెక్కల్ల? చీకట్లో గోడ పట్టుకున్యాది. గోడ గూడా తడే. వేళ్లకు ఏందో మెత్తగా అంటుకున్యాది — ఈకలు.

బాయిలరు గదిలో చిన్న దీపం. గోడ మీద నీడ... నీడ చేతిలో కత్తి లేచింది... వీపుకు రాసుకుంటా మెడ చుట్టూ తిరిగింది... జారుకుంటా దిగింది. తప్పుమని ఏదో కింద పడింది.

ఎడమ అరచెయ్యి మెల్లగా మణికట్టు మీద వాలింది.

హేమకు దెయ్యం భయం అప్పుడే పోయింది. దానికంటే చెడ్డది పట్టుకున్యాది.

"సార్..." అనింది.

శివరాజ్ సారే. లుంగీ ఎగగట్టినాడు. పాత కమ్మీకి వరసగా కోళ్లు వేలాడతాండాయి. బతికున్నవాటిని కోసింది కాదది. ఫారాల్లో రోగమొచ్చి చచ్చి, ఉబ్బి, పొట్టలు పచ్చబడిన కోళ్లు. కొన్నిట్లో పురుగులు లుకలుకమంటాండాయి. ఒక్కో లాగుడుకు ఒక్కో మెడ రాలిపోతాంది. పక్కన క్రేట్లల్ల ఐసు కింద ముక్కలు, తెల్లారి హోటళ్లకు పోయేటివి. ఆ వాసన ఎవరూ ఆరా తీయకుండా హమాలీ కథ ఊరంతా చల్లింది గూడా ఈ పెద్దమనిషే. ఛీ, ఇదొక బతుకా!

సిగ్గన్నా పడల్ల గదా? పడలేదు. తన కత్తి మొద్దుబోయిందని, అందుకే హేమ కత్తికి పదును పెట్టుకున్నానని చెప్పినాడు. పదునున్న కత్తిని పోటీలో ముట్టనియ్యరని నేర్పింది ఆయప్పే. ఎర్ర గుడ్డతోనే అంచు తుడిచి, పిడి ఆమె పక్కకు తిప్పి చాపినాడు. గిన్నెలోంచి ఏందో చిక్కగా కారింది.

"తీస్కోమ్మా. పొద్దున బస్సుంది గదా."

హేమ క్రేట్ల పక్క చూసింది. "ఇది... మనుషులు తింటారా సార్?"

సారు నవ్వినాడు. చానా మెల్లగా అడిగినాడు —

"ప్రతి ఆదివారం ప్రాక్టీసైనాక మీకు పెడతాండే బిర్యానీ... యాడ్నుంచి వస్తాదనుకుంటివి?"

హేమ కత్తి ముట్టలేదు. ఆ తడి గోడే పట్టుకోని వంగింది. మూడేండ్ల ఆదివారాలూ ఒక్కసారే నోటికొచ్చినాయి.