చెయ్యి మలుపు

రోడ్డు ఎత్తెక్కి ఎక్కి, మూసేసిన అట్టపెట్టెల ఫ్యాక్టరీ గోడ ఎదురు రాగానే ఒక్కసారిగా కుడికి తిరుగుతుంది. ఆ తిరిగే చోటు పేరు చెయ్యి మలుపు. మున్సిపాలిటీ పెట్టిన పేరు కాదు, పడినవాళ్ళు పెట్టిన పేరు. పొద్దుపోయాక ఒంటరిగా ఆ ఎత్తు ఎక్కుతుంటే… చీకట్లోంచి ఒక చెయ్యి వస్తుందట. నల్లగా, చల్లగా. సరిగ్గా హ్యాండిల్ పట్టుకున్న కుడిచేతి మీద పడుతుందట. ఆ తర్వాత బండి మన మాట వినదు.

ఇలా చెప్పినవాళ్ళంతా కాలో చెయ్యో విరగ్గొట్టుకుని బతికి బయటపడ్డవాళ్ళు. బతకనివాళ్ళు ఏం చెబుతారు!

ఇక ఆ చెయ్యి ఎవరిదన్న దాని మీద ఎవరి కథ వాళ్ళది. మిషన్లో పడి పోయిన కూలీదని ఒకరు, ఆ చేతికి అసలు ఒళ్ళే లేదని ఇంకొకరు. టీకొట్టు దగ్గర ఒకాయనైతే దానికి ఆరు వేళ్ళని కూడా తేల్చి చెప్పాడు. ప్రాణం మీదికొచ్చిన వేళ వేళ్ళు లెక్కపెట్టే తీరిక ఆయనకెలా దొరికిందో ఎవరూ అడగలేదు.

బేకరీలో పిండి కలిపే ఆమెకి ఈ కథలు వినీ వినీ ఒళ్ళు మండిపోయేది. ఆమె తమ్ముడు ఆ మలుపులోనే, ఆ గోడకి గుద్దుకునే పోయాడు. నా బిడ్డని దెయ్యం ఎత్తుకుపోయిందని అమ్మ ఏడ్చింది. తాగి నడిపి ఉంటాడని చుట్టాలు గొణుక్కున్నారు. వాడు సోడా తాగినా తుమ్మేవాడు. ఆమె ఈ మాటా నమ్మలేదు, ఆ మాటా నమ్మలేదు. నా తమ్ముణ్ణి చంపిందేమిటో తెలిస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకునేది. అదే ఆలోచనతో పిండి పిసికేది. ఆ రోజుల్లో ఆ బేకరీ రొట్టె దూదిలా ఉండేదని జనం మెచ్చుకున్నారు కూడా.

తమ్ముడి బండినే ఆమె బాగు చేయించుకుని నడిపేది. మెకానిక్ వంగిన హ్యాండిల్ సరిచేసి, గోడకి గీరుకుని చిరిగినా గొట్టాన్ని వదలని పాత గ్రిప్పుని కోసి తీసేసి, చవకరకం కొత్త రబ్బరు తొడిగాడు. అది మొదటివారం నుంచే జారడం మొదలుపెట్టింది. రేజ్ ఇస్తే పైన రబ్బరు గిర్రున తిరుగుతుంది, లోపలి గొట్టం కదలదు, ఇంజనుకి కబురే అందదు. ఒకరోజు టేపు చుట్టింది, ఒకరోజు చేతిరుమాలు కట్టింది. రేపు బాగు చేయించుకుందాం అనుకుంటూ నెట్టుకొచ్చింది. రేపు అన్నది ఎవరింటికీ చెప్పిన వేళకి రాదు కదా.

ఆ రోడ్డున వెళ్ళనని అమ్మ ఆమె చేత ఒట్టు పెట్టించుకుంది. ఆమె చుట్టూ తిరిగి ఇంకో దారినే వెళ్ళేది. కానీ ఆ రాత్రి ఆమె బేకరీకి బయల్దేరేసరికి ఆ దారిని పైపుల కోసం అడ్డంగా తవ్వేసి ఉంచారు. వెనక్కి పోదామంటే పొద్దుటికి రొట్టె ఉండదు. మట్టికుప్ప ముందు బండి ఆపి కాసేపు తిట్టుకుంది. తర్వాత ఒట్టుని గట్టు మీద పెట్టి, బండిని ఫ్యాక్టరీ వైపు తిప్పింది.

భయం లేదా అంటే, ఉంది. దానికంటే కోపం ఎక్కువ ఉంది. వస్తే రానీ… చూద్దాం ఆ చెయ్యేమిటో, అనుకుంది.

ఎత్తు మొదలైంది. అక్కడ వీధిదీపం స్తంభానికి దీపం లేదు. ఎడంపక్క పొదలు, కుడిపక్క కల్వర్టు పిట్టగోడ. బండి లైటు వెలుగులో ఫ్యాక్టరీ గోడ మెల్లగా దగ్గరికొస్తోంది. మలుపు కోసుకుపోదామని అందరిలాగే ఆమె కూడా కుడి అంచుకి జరిగింది. ఎత్తు మీద బండి నెమ్మదించింది…

పిట్టగోడ వెనకనుంచి ఏదో లేచింది.

లేచి — చెయ్యి చాపింది.

ఆ చెయ్యి ఆమె కుడిచేతి మీద పడింది. చల్లగా. తారులా నల్లగా. వేళ్ళు ఆమె వేళ్ళని కప్పేసి బిగుసుకున్నాయి.

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. కోపం ఎటు పోయిందో తెలియదు. తమ్ముడి పేరో, అమ్మ పేరో నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఉన్న బలమంతా పెట్టి రేజ్ తిప్పింది… బండి దూకితే చాలు, ఎటు దూకినా సరే…

రబ్బరు ఆమె గుప్పిట్లో గిర్రున తిరిగింది. ఇంజను మూలిగింది. బండి రెండు కుదుపులు కుదిపి, అక్కడికక్కడే ఆగిపోయింది.

చీకటి. నిశ్శబ్దం. చేతి మీద చెయ్యి అలాగే ఉంది.

చెవి పక్కన, ఊపిరి కంటే కాస్త పెద్దగా ఒక గుసగుస.

“రబ్బరు… వదులుగా ఉందమ్మా.”

ఆమె తల తిప్పడానికి చాలాసేపు పట్టింది. దెయ్యాలకి దగ్గు రాదని ఎక్కడ విన్నదో గాని, ఆ ఆకారం ఒగురుస్తూ దగ్గేసరికి ఆమె గుండె మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఎవరో ముసలాయన. ఎముకలకి చొక్కా తొడిగినట్టున్నాడు. భుజాన ఒక సంచి. దాంట్లోంచి చిన్న లాంతరు తీసి వెలిగించి పిట్టగోడ మీద పెట్టాడు.

“ఆగావు తల్లీ,” అన్నాడు. “ఎవరూ ఆగరు. నువ్వొక్కదానివే ఆగావు.”

ఆమె ఏమీ అడక్కముందే పని మొదలుపెట్టాడు. రబ్బరు లాగేశాడు. లోపలి గొట్టం మీది జిడ్డు గుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో రుద్దాడు. పంక్చర్లకి పూసే సొల్యూషన్ పలచగా రాసి, రబ్బరుని మెలితిప్పుతూ మళ్ళీ ఎక్కించాడు. రెండు చివర్లా సన్నతీగ చుట్టి, కటింగ్ ప్లేయర్‌తో బిగించి, తీగ కొసలు అరచేతికి గుచ్చుకోకుండా లోపలికి నొక్కాడు. కన్నతండ్రి కూడా అంత జాగ్రత్తగా చెయ్యడు, అనుకుంది ఆమె.

బండిని దారికి అడ్డం లేకుండా పిట్టగోడ చివరికి నెట్టి, ఆరేదాకా గోడ వెనక కూర్చోమన్నాడు. కూర్చుంది.

తనది టైర్ల పని అని చెప్పాడు. బతుకంతా ఆ సొల్యూషన్ వాసన పీల్చి గొంతు ఇలా అయిందట. చేతుల నలుపు ఏ సబ్బుకీ పోదట. ఒక్కడే కొడుకు. బండి రబ్బరు జారుతోంది నాన్నా అని నెత్తీ నోరూ బాదుకుని చెబితే, ఊళ్ళోవాళ్ళ పని అయ్యాక చూద్దాంలేరా అని తను దాటేశాడట. ఈ ఎత్తు మీదే వెనకనుంచి లారీ వచ్చింది. తప్పుకుందామని కొడుకు రేజ్ ఇచ్చాడు. రబ్బరు తిరిగింది గాని బండి కదల్లేదు. కొడుకు పోయినప్పట్నుంచి తను ప్రతి రాత్రీ ఇక్కడే కూర్చుంటున్నాడు, వచ్చే బండి ఆపి రబ్బరు చూద్దామని. మొదట్లో లాంతరు పెట్టుకునేవాడట. వెలుగు చూసి జనం దూరంగా తప్పుకుపోతున్నారని ఆర్పేశాడు.

“అయినా పడుతూనే ఉన్నారమ్మా,” అన్నాడు. “చెయ్యి వేసి చెప్పేలోపే పారిపోతారు. పోయి పడతారు. అన్నీ వదులు రబ్బర్లే. ఒక్కడు పడినప్పుడల్లా, ఇంకాస్త ముందే పట్టుకోవాల్సింది అనుకుంటాను.”

లాంతరు ఒత్తి చిటపటలాడింది. ఆమెకి ఒళ్ళంతా చల్లబడింది. చెయ్యి తగిలినప్పుడు కూడా అంత చల్లబడలేదు.

ఇదే బండి మీద, రెండేళ్ళ కిందట, గళ్ళచొక్కా కుర్రాడు ఒకడు వచ్చాడా అని అడిగింది. ముసలాయన లాంతరెత్తి బండిని పరీక్షగా చూశాడు. గుర్తుపట్టాడు. వాడి చెయ్యి తనకి అందిందని, కళ్ళు పెద్దవి చేసి ఒక్క చూపు చూశాడని, అంతే, బాణంలా దూసుకుపోయాడని చెప్పాడు. పరుగెత్తుకెళ్ళి వాడి తల ఒళ్ళో పెట్టుకున్నాడట. నీళ్ళు అడిగాడట.

ఆమె ఆ ముసలి మొహంలోకి చూసింది. చంపెయ్యాలన్నంత కసి పుట్టింది. ఆ కసి మీదే ఏడుపొచ్చింది. ఏది ముందో, ఏది వెనకో తెలియలేదు.

“తాతా,” అంది. “వాడు మా తమ్ముడు. వాడి రబ్బరు గట్టిగానే ఉంది.”

ముసలాయన అర్థం కానట్టు చూశాడు.

“గట్టిగా ఉంది కాబట్టే బండి దూకింది. నీ చెయ్యి చూసి హడలిపోయి రేజ్ ఇచ్చాడు. నేనూ ఇచ్చాను. నా రబ్బరు వదులు కాబట్టి బతికాను.”

“కాదమ్మా…” అన్నాడు. “నేను కాపాడదామని కదా…”

అంతలో కింద లైటు కనిపించింది. ఎవరిదో బండి ఎత్తెక్కుతోంది. ముసలాయన గబుక్కున లాంతరు ఆర్పేశాడు. అలవాటు. ముందుకు వంగి, పిట్టగోడ మీద చెయ్యి ఆన్చి లేవబోయాడు.

ఆమె ఆ చేతిని పట్టుకుంది. పిండి పిసికి పిసికి గట్టిపడ్డ చేతులు ఆమెవి. ఆయన గింజుకున్నాడు. “రబ్బరు చూడాలమ్మా… వాడు పోతాడమ్మా…” అని గుసగుసగానే బతిమాలాడు. ఆమె వదల్లేదు.

బండి దగ్గరికొచ్చింది. నడిపేవాడు ఏదో కూనిరాగం తీస్తున్నాడు. ఎత్తు మీద నెమ్మదించి, కుడికి జరిగి, వాళ్ళిద్దరికీ మూరెడు దూరంలోంచి మలుపు తిరిగాడు.

వెళ్ళిపోయాడు. ఇంజను చప్పుడు ఫ్యాక్టరీ గోడ వెంట సాగి, దూరమై, సన్నబడి ఆగిపోయింది.

ముసలాయన ఇంకా చెవులు రిక్కించే ఉన్నాడు. ఎక్కడో దడేల్‌మని వినిపించాలి. చాలాసేపు ఎదురుచూశాడు. ఏమీ వినిపించలేదు.

“పడలేదు,” అన్నాడు.

ఆ చీకట్లో ఆయన ఎవరెవరిని తలుచుకుంటున్నాడో, వాళ్ళ మొహాలన్నీ ఎలా వరసకట్టి వస్తున్నాయో ఆయనకే తెలియాలి. ఆమె గుప్పిట్లో ఆయన చెయ్యి గింజుకోవడం మానేసింది.

“చెయ్యి వదులు తల్లీ,” అన్నాడు చివరికి. “ఇంక లెయ్యను.”